ఆ ‘టక్’ ఎక్కడిది?

క్యాంపస్ ఇంటర్వ్యూలకు వెళ్లినప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న చాలా చిన్నది. ‘‘కస్టమర్ కారు తెచ్చాడు. రోడ్డు బాగోలేని చోట ముందు ఎడమ చక్రం దగ్గర టక్ టక్ మంటోందన్నాడు. మీరేం చేస్తారు?’’

ఆటోమొబైల్ డిప్లొమా, మెకానికల్ బీటెక్ చేసినవాళ్లలో ఎక్కువ మంది క్షణం కూడా ఆలోచించరు. ‘‘బాల్ జాయింట్ అరిగి ఉంటుంది సర్, మార్చేస్తాం’’ అంటారు. కొందరైతే కాగితం తీసుకుని సస్పెన్షన్ బొమ్మ కూడా గీస్తారు. బొమ్మ బాగానే ఉంటుంది. అప్పుడు నేను ‘‘బాల్ జాయింటే అని ఎలా తెలిసింది?’’ అంటాను. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు.

ఆ ఫ్యాను చప్పుడు గురించే ఇవాళ మీతో మాట్లాడాలనుకుంటున్నా.

నేను వాహనాల సర్వీస్ రంగంలో పదిహేనేళ్లకు పైగా ఉన్నాను. మొదట ట్రైనీని, తర్వాత ఫ్లోర్ మీద టెక్నీషియన్‌ని, ఇప్పుడు ఎవరిని తీసుకోవాలో చెప్పే కుర్చీలో కూర్చున్నాను. మీలో చాలామందికి సర్వీస్ అనగానే చేతులకు గ్రీజు, చుట్టాల ముందు చిన్నతనం గుర్తొస్తాయని తెలుసు. ‘బీటెక్ చదివి షెడ్డులో పనేంట్రా’ అనే బాబాయ్ ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. మా ఇంట్లో ఇద్దరు. వాళ్లతో వాదించే ఓపిక నాకిప్పుడు లేదు గానీ, మీతో ఒక్క మాట చెప్పాలి. ఈ రంగంలో పార్టు విప్పి బిగించేవాళ్లకు కొరత లేదు. ఏ పార్టు పోయిందో రుజువుతో చెప్పేవాళ్లే దొరకడం లేదు. కాలేజీలో మనం నేర్చుకునేది మొదటిదీ కాదు, రెండోదీ కాదు. బొమ్మ గీయడం మాత్రమే నేర్చుకుంటున్నాం.

బాల్ జాయింట్‌నే తీసుకుందాం. మన తుంటి కీలు ఎలా ఉంటుందో అదీ అలాగే ఉంటుంది. గుండ్రటి తల ఉన్న స్టీలు పిన్ను, ఆ తలను పట్టుకుని ఉండే గిన్నె, మధ్యలో గ్రీజు, మీద రబ్బరు బూటు. ఒక వైపు లోయర్ ఆర్మ్, రెండో వైపు చక్రాన్ని మోసే నకిల్. చక్రం గుంతల్లో పైకీ కిందికీ ఆడాలి, స్టీరింగ్ తిప్పితే పక్కకూ తిరగాలి. రెండూ ఒకేసారి జరగనిచ్చేది ఆ చిన్న గుండే. స్విఫ్ట్ లాంటి స్ట్రట్ సస్పెన్షన్ కార్లలో పక్కకు ఒకటి చొప్పున కిందే ఉంటుంది. ఇన్నోవా లాంటి డబుల్ విష్‌బోన్ బళ్లలో పైన ఒకటి, కింద ఒకటి.

దాని పతనం చాలాసార్లు బూటు దగ్గర మొదలవుతుంది. రబ్బరు ఎక్కడో పగులుతుంది. వానాకాలం రోడ్డు మీద నీళ్లు, ఎండాకాలం దుమ్ము లోపలికి పోతాయి. గ్రీజు, ఇసుక కలిస్తే సాన పట్టినట్టే. గుండు అరుగుతుంది, గిన్నె అరుగుతుంది, మధ్యలో సందు వస్తుంది. మొదట చప్పుడు. తర్వాత స్టీరింగ్ నిలకడగా ఉండదు, బండి ఒక పక్కకు పోతున్నట్టుంటుంది, టైరు ఒక అంచునే అరుగుతుంది. అప్పటికీ పట్టించుకోకపోతే ఒకరోజు గుండు గిన్నెలోంచి ఊడి వచ్చేస్తుంది. ఇక ఆ చక్రాన్ని కింద పట్టుకునేది ఏదీ ఉండదు. చక్రం అడ్డంగా తిరిగి పడిపోతుంది, కారు ఆ మూల నేలమీద కూర్చుంటుంది.

ఇంతవరకూ పుస్తకంలో దొరుకుతుంది. దొరకనిది నా తప్పు. అదీ చెబుతాను.

ట్రైనీగా చేరిన మొదటి సంవత్సరం. ఒక పంతులుగారు పాత హ్యాచ్‌బ్యాక్ తెచ్చారు. ‘‘గుంతలో పడ్డప్పుడల్లా టక్ మంటోంది బాబూ’’ అన్నారు. నేను వంగి చూశాను. ఎడమ వైపు బాల్ జాయింట్ బూటు పగిలి ఉంది. ఇంకేం, దొంగ దొరికాడనుకున్నా. ఆ కారులో బాల్ జాయింట్ లోయర్ ఆర్మ్‌తో కలిసే వస్తుంది. రెండు వైపులా ఆర్ములు మార్చాం, అలైన్‌మెంట్ చేశాం, బిల్లు అయింది. పంతులుగారు గేటు దాటి, రోడ్డు మీది మొదటి గుంతలోకి దిగి, వెనక్కి తిరిగి వచ్చేశారు. టక్ అలాగే ఉంది.

అసలు దొంగ స్టెబిలైజర్ బార్ లింక్ రాడ్. ఆర్ముల ముందు దాని ధర ఏ మూలకూ రాదు. మా సూపర్‌వైజర్ నన్ను పక్కకు పిలిచి, ‘‘అదీ పోయింది, ఇదీ పోయింది అని చెప్పు’’ అన్నాడు. చెప్పాను. పంతులుగారు నా మొహంలోకి ఒకసారి చూసి, ఇంకేమీ అడక్కుండా లింక్ రాడ్ డబ్బు కూడా కట్టి వెళ్లిపోయారు. మళ్లీ మా సర్వీస్ సెంటర్‌కి రాలేదు. పగిలిన బూటున్న ఎడమ జాయింట్ ఎలాగూ మార్చాల్సిందేనని నన్ను నేను సమర్థించుకోవచ్చు. కుడి వైపుది మాత్రం శుభ్రంగా ఉంది. దాన్ని నేను ఊపి కూడా చూడలేదు.

ఆ తర్వాత సెలవుల్లో విజయవాడ ఆటోనగర్‌లో తెలిసినాయన షెడ్డుకి వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టాను. అక్కడి మేస్త్రీ ఏడో తరగతి వరకే చదివారు. ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం, బండి ఎత్తకముందే కస్టమర్‌ని ప్రశ్నలడగడం. ‘‘రెండు చక్రాలూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే వస్తోందా, ఒక్క చక్రం గుంతలో పడితే వస్తోందా?’’ అని అడిగేవారు. రెండు చక్రాలూ కలిసి లేస్తే స్టెబిలైజర్ బార్ పెద్దగా మెలి తిరగదు, కాబట్టి లింక్ రాడ్ చప్పుడు తక్కువ. ఒక్క చక్రమే లేస్తే బార్ మెలి తిరుగుతుంది, అరిగిన లింక్ అరుస్తుంది. బండి ఆపి స్టీరింగ్ తిప్పినప్పుడు పైన ఎక్కడో కటకట మంటే స్ట్రట్ మౌంట్ వైపు చూడాలి. ఇవేవీ తుది తీర్పులు కావు. ఎక్కడ ముందు చూడాలో చెప్పే ఆనవాళ్లు. పంతులుగారు ‘గుంతలో పడ్డప్పుడు’ అనే చెప్పారు. నేను వినలేదు.

తర్వాత ఊపి చూడటం. ఇది మీరు నేర్చుకుని తీరాలి, కాబట్టి కాస్త వివరంగా చెబుతా. హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు వైపు జాకీతో లేపాలి. లేపాక స్టాండ్ పెట్టాలి. జాకీని నమ్మి కిందకు దూరిన తెలివైనవాళ్ల కథలు ప్రతి షెడ్డులోనూ ఉంటాయి, వాటిలో మీది చేరకూడదు. చక్రాన్ని గడియారం అనుకుంటే 12, 6 దగ్గర రెండు చేతులతో పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. ఊగుడు ఉందా? ఉంటే వెంటనే బాల్ జాయింట్ అనకండి. వీల్ బేరింగ్ అరిగినా ఇలాగే ఊగుతుంది. లోపల ఒకరిని కూర్చోబెట్టి బ్రేకు తొక్కించండి. బ్రేకు పట్టగానే ఊగుడు ఆగిపోతే అది బేరింగ్. బ్రేకు పట్టినా ఊగుతుంటే చూపు కిందకు, జాయింట్ మీదకు వెళ్లాలి. ఊపేది ఒకరు, జాయింట్ దగ్గర టార్చ్ పట్టుకుని చూసేది ఇంకొకరు. ఇక 3, 9 దగ్గర పట్టుకుని ఊపినప్పుడు లూజు ఉంటే టై రాడ్ ఎండ్‌నో, స్టీరింగ్ ర్యాక్‌నో అనుమానించాలి. టైరు కింద పొడవాటి రాడ్ పెట్టి పైకి లేపి చూస్తే నిలువు లూజు తెలుస్తుంది.

ఒక మెలిక ఉంది. స్ట్రట్ ఉన్న కారులో కింది జాయింట్ బండి బరువు మోయదు, అందుకని చక్రం వేలాడుతుండగా చూస్తే చాలు. స్ప్రింగు లోయర్ ఆర్మ్ మీద కూర్చునే డబుల్ విష్‌బోన్ బళ్లలో కింది జాయింట్ బరువు మోస్తుంది. అక్కడ జాకీని ఛాసిస్ కింద కాకుండా, లోయర్ ఆర్మ్ కిందే, జాయింట్‌కి దగ్గరగా పెట్టాలి. లేకపోతే స్ప్రింగు ఒత్తిడి సందును దాచేస్తుంది, అరిగిపోయిన జాయింట్ కూడా గట్టిగా ఉన్నట్టే కనిపిస్తుంది. మీరు పరీక్షలో ఫ్రీ బాడీ డయాగ్రమ్ గీసి మార్కులు తెచ్చుకుంటారు చూడండి, దాని అసలు ఉపయోగం ఇదే. జాకీ ఎక్కడ పెట్టాలో అది చెబుతుంది. మా మేస్త్రీకి ఆ పేరు తెలియదు, పెట్టే చోటు తెలుసు. మీకు పేరు తెలుసు. రెండూ తెలిసినవాళ్లు కావాలి మాకు.

ఎంత లూజు ఉంటే మార్చాలి? చేతికి తగిలినంత కాదు. కంపెనీ సర్వీస్ మాన్యువల్‌లో ఆ మోడల్‌కి హద్దు ఉంటుంది, కొన్ని జాయింట్లకు అసలు లూజే ఉండకూడదని ఉంటుంది. డయల్ గేజ్ పెట్టి కొలిస్తే అంకె వస్తుంది. ‘లూజుగా ఉందండీ’ అన్నదానికీ, ‘హద్దు ఇంత, మీదింత వచ్చింది, చూడండి’ అన్నదానికీ కస్టమర్ ముఖంలో తేడా మీరే చూస్తారు.

మార్చే పని చెప్పుకుంటే, అది కండబలం పనిలా కనిపిస్తుంది. అమ్మాయిలకు కుదరదంటారు. ఆ మాట అనేవాళ్లు సుత్తితో పనిచేసేవాళ్లని నా అనుమానం. టేపర్ పిన్ను ఉన్న జాయింట్‌కి పుల్లర్ బిగించి బోల్టు తిప్పుతూ పోతే, ఒక దశలో ఠప్ మని దానంతటదే వదులుతుంది. మరల మీద సుత్తి పడితే ఆ మర పనికిరాదు. నట్టు విప్పేముందు స్ప్లిట్ పిన్ను తీయాలి, కొన్ని కార్లలో టేపర్ బదులు నకిల్‌కి అడ్డంగా ఒక బోల్టు ఉంటుంది, దాన్ని పూర్తిగా బయటికి లాగాలి. ఆర్మ్ వదిలాక నకిల్ బయటికి వాలుతుంది. బ్రేకు హోసు, ఏబీఎస్ వైరు సాగకుండా, యాక్సిల్ లోపలి జాయింట్ ఊడకుండా దాన్ని కట్టి ఉంచాలి. కొన్ని బళ్లలో జాయింట్ ప్రెస్ చేసి ఎక్కించాలి, కొన్నింట్లో బోల్టులతో విడిగా వస్తుంది, ఇంకొన్నింట్లో ఆర్మ్ మొత్తం మార్చాల్సిందే. ఇవి మోడల్‌ని బట్టి మారతాయి, చూసి నేర్చుకోవచ్చు.

నేను ఇంటర్వ్యూలో వాటిని అడగను. బిగించేటప్పుడు జరిగే తప్పులు అడుగుతాను. స్ప్లిట్ పిన్ను రంధ్రం నట్టు గాడికి సరిపోలేదనుకోండి, మీరేం చేస్తారు? సగం మంది నట్టు కొంచెం వదులు చేస్తామంటారు. వద్దు. చెప్పిన టార్క్‌కి బిగించాక గాడి కలవకపోతే ఇంకాస్త బిగించి కలపాలి, వెనక్కి తిప్పకూడదు. టేపర్ పిన్నుకు గ్రీజు రాయకూడదు, తుడిచి పొడిగా పెట్టాలి. పాత స్ప్లిట్ పిన్ను మళ్లీ వాడకూడదు.

అన్నిటికంటే ఎక్కువమంది తప్పేది ఆర్మ్ బుష్ బోల్టుల దగ్గర. చక్రం గాల్లో వేలాడుతుండగానే వాటిని పూర్తిగా బిగించేస్తారు. ఆ స్థితిలో రబ్బరు బుష్ పట్టేసుకుంటుంది. బండి కిందకు దింపగానే ఆర్మ్ పైకి లేస్తుంది, రబ్బరు మెలి తిరిగి ఎప్పుడూ అలాగే ఉంటుంది. కొన్ని నెలలకే చిరుగుతుంది. కస్టమర్ వచ్చి ‘కొత్త ఆర్మ్ వేశారు, మళ్లీ చప్పుడు’ అంటాడు, మనం పార్టు నాసిరకం అంటాం. పార్టు మంచిదే. బండి బరువు చక్రాల మీద ఉండగా చివరి బిగింపు ఇవ్వాలన్నది మాన్యువల్‌లో ఉంటుంది, దాన్ని ఎవరూ తెరవరు. ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్ చూపించాలి. ఎక్స్‌ట్రా బిల్లు కోసం కాదు, జాయింట్ మారితే చక్రం కోణం మారే అవకాశం ఉంటుంది గనక.

ఇప్పుడు ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన ప్రశ్నకు వద్దాం. అది ఇంజినీరింగ్ ప్రశ్న కాదు. ఒక ట్యాక్సీ డ్రైవర్ సెడాన్ తెచ్చాడు. నేనప్పటికి సర్వీస్ అడ్వైజర్‌ని. ఊపి చూశాం, కుడి జాయింట్ బాగా అరిగింది. ఎస్టిమేట్ చూసి అతను, ‘‘అన్నా, ఈ నెల ఈఎంఐ కట్టేశాక మార్పిస్తా. ఒక్క నెల ఆగదా?’’ అన్నాడు.

ఏం చెబుతారు? ‘ఆగుతుందేమో’ అంటే కస్టమర్ సంతోషిస్తాడు. ‘ఇప్పుడే మార్చాలి’ అంటే మనకు బిల్లు వస్తుంది కాబట్టి అలా అంటున్నామనుకుంటాడు, పంతులుగారి లాంటి కస్టమర్లను మోసం చేసినవాళ్ల పుణ్యమా అని. నేను అతన్ని బండి కిందకు తీసుకెళ్లి, చక్రం నేను ఊపుతూ జాయింట్ మీద అతని వేలు పెట్టించాను. కదలడం తెలిసింది. ‘‘ఆగకూడదు’’ అన్నాను. తల ఊపాడు గానీ వెళ్లిపోయాడు. జాబ్ కార్డ్ మీద ‘బండి నడపడం ప్రమాదకరం’ అని రాసి సంతకం తీసుకున్నాం. ఆ పని పద్ధతిగా చేశామన్న తృప్తి నాకేమీ మిగల్లేదు.

తొమ్మిదో రోజు ఆ కారు రికవరీ వ్యాన్ మీద వచ్చింది. స్టాండ్ నుంచి బయటికి తిప్పుతుండగా చక్రం పడిపోయిందట. ఫెండర్ నలిగింది, యాక్సిల్ ఊడింది, బ్రేకు హోసు తెగింది. అతనికి దెబ్బ తగల్లేదు. ‘‘గంట ముందు హైవే మీద ఉన్నానన్నా, వెనక సీట్లో పిల్లలున్నారు’’ అన్నాడు. నేను చేసి ఉండాల్సింది ఇంకోటి ఉందని తర్వాత తట్టింది. రెండు వైపులూ కలిపి ఎస్టిమేట్ ఇచ్చాం, ఎందుకంటే అది మా అలవాటు. అతని ఎడమ జాయింట్ హద్దులోనే ఉంది. కుడిది ఒక్కటే రాసి, డబ్బు సగం చేసి ఉంటే ఆ రోజే మార్పించుకునేవాడేమో. రెండు వైపులా ఒకేసారి మార్చాలన్నది చాలా చోట్ల శాసనంలా చెబుతారు. కొలిచి చూడకుండా ఆ మాట అనడం నాకు నచ్చదు.

ఇక మీ లెక్కల్లోకి వద్దాం. ఎలక్ట్రిక్ బళ్లు వచ్చేస్తున్నాయి, మెకానిక్ పని అయిపోయినట్టేనని మీ సీనియర్లు చెబుతుంటారు. ఇంజిన్ ఆయిల్ పని తగ్గుతుంది, నిజమే. కానీ ఎలక్ట్రిక్ కారుకూ ముందు చక్రాలుంటాయి, అవీ తిరగాలి, మన రోడ్ల మీదే తిరగాలి. పైగా అదే కారు పెట్రోలు రూపం కంటే ఎలక్ట్రిక్ రూపం బ్యాటరీ వల్ల బరువెక్కువ. ఆ బరువు పడేది టైర్ల మీద, సస్పెన్షన్ మీద.

సర్వీస్ సెంటరే గమ్యం కానక్కర్లేదు. ఏఎంవీఐ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నవాళ్లు మీలో ఉంటారు. రవాణా వాహనాల ఫిట్‌నెస్ అంటే ఏంటో మీకు తెలిసి ఉండాలి. కొత్తగా వస్తున్న ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లలో జాయింట్ ప్లే చూడటం కూడా ఒక పరీక్ష. ఇన్సూరెన్స్ సర్వేయర్ అవుదామనుకుంటే, ఆర్మ్ ప్రమాదంలో వంగిందా, జాయింట్ ముందే అరిగి ప్రమాదం జరిగిందా అన్నది తేల్చాల్సి వస్తుంది. మామూలు అరుగుదలకు మోటారు పాలసీ డబ్బివ్వదు. మీ ఒక్క వాక్యం మీద ఒక కుటుంబం జేబు ఆధారపడుతుంది. మొదటి జీతాల గురించి అబద్ధం చెప్పను, సర్వీస్ రంగంలో అవి తక్కువే. డిప్లొమా, డిగ్రీ వాళ్లకు నాట్స్ కింద అప్రెంటిస్‌షిప్ ఉంది, స్టైపెండ్ వస్తుంది. దాంతో రూము అద్దె గడవడం కష్టమే, పని నేర్చుకోవడానికి మాత్రం మంచి దారి.

ఫైనలియర్ ప్రాజెక్టును బయట డబ్బిచ్చి కొనేవాళ్లను నేను ఏటా చూస్తున్నాను. బైండింగ్ మెరుస్తుంది, లోపల ఏముందో వాళ్లకే తెలియదు. ఆ డబ్బుతో ఒక నోటుబుక్కు, టార్చి కొనండి. మీ ఊళ్లో ఏ షెడ్డుకైనా వెళ్లి ‘అన్నా, పనిలో అడ్డం రాను, చూస్తాను’ అని అడగండి. మొదటి రెండు రోజులు టీలు తెమ్మంటారు, తెండి. ముందు వైపు చప్పుడుతో వచ్చిన ప్రతి బండికీ ఒక పేజీ. మోడల్ ఏంటి, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, కస్టమర్ ఏ మాటల్లో చెప్పాడు, మీరు ఊపి చూస్తే ఏం తేలింది, ఏం మార్చారు. చివరి గడి అన్నిటికన్నా ముఖ్యం: మార్చాక చప్పుడు పోయిందా? పోకపోతే అదీ రాయండి. ఇరవై బళ్లు చాలు. అలాంటి నోటుబుక్కు నా బల్ల మీదకు ఇప్పటివరకు రెండుసార్లే వచ్చింది. రెండింటికీ గ్రీజు మరకలున్నాయి.

వాటిలో ఒకటి కిందటి ఏడాది ఒక పాలిటెక్నిక్‌లో చదివిన అమ్మాయిది. నేను నోటుబుక్కు తెరవకముందే అలవాటుగా నా ప్రశ్న అడిగాను. కస్టమర్ వచ్చాడు, ముందు ఎడమ చక్రం దగ్గర టక్ మంటోందన్నాడు, మీరేం చేస్తారు?

‘‘రెండు చక్రాలూ కలిసి ఎక్కినప్పుడా సర్, ఒక్కటే గుంతలో పడినప్పుడా?’’ అంది.

మిగతా ప్రశ్నలు నా కాగితం మీదే ఉండిపోయాయి. ఆమె ఇప్పుడు మా ఫ్లోర్ మీద పనిచేస్తోంది.